మావోళ్ళు

పట్వారీ కిషన్‌రావు నాలుక మీద పుండు లేవాలని బీరన్న తన కులదేవుడు బీరప్పకు ఎన్నిసార్లు మొక్కాడో లెక్కలేదు. పుండు లేవలేదు. కిషన్‌రావు రెండు పూటలా కారం కలుపుకొని తిని, తాంబూలం వేసుకుని, చావడిలో కూర్చుని ఊరి భూములు రాస్తూనే ఉన్నాడు. చివరికి బీరన్నకే అర్థమైంది. బీరప్ప గుడి మాన్యం కూడా కిషన్‌రావు దస్త్రంలోనే ఉంది, ఇక దేవుడు మాత్రం నోరెట్లా తెరుస్తాడు.

ఈ కక్ష భూమితో మొదలు కాలేదు. పెన్‌పహాడ్‌కు రెండు కోసుల దూరంలో ఎర్రబోడు అని చిన్న ఊరు. ముప్పై ఏళ్ళ కింద అక్కడ పట్వారీ ఇంటి అరుగు మీద బడి నడిచేది. గొర్రెలు కాసే కురుమల ఇళ్ళ నుంచి ఆ అరుగు ఎక్కినవాడు బీరన్న ఒక్కడే. రెండేళ్ళలో గుణింతాలు వచ్చాయి, తన పేరు రాయడం వచ్చింది. మూడో ఏడు ఒకనాడు తన ఈడువాడే అయిన కిషన్‌రావు ముక్కు మూసుకుని, "పంతులూ, వీని గొంగడి గొర్రె కంపు కొడుతున్నది, వీన్ని కింద కూసోమనుండ్రి" అన్నాడు. పంతులు కూర్చోమన్నాడు. బీరన్న కూర్చోలేదు. పలక అరుగు మీదనే పెట్టి, గొంగడి విప్పి కిషన్‌రావు మొహం మీద ఒక్క దులుపు దులిపి, మంద దగ్గరికి పోయాడు. ఆ దుమ్ముకు కిషన్‌రావు తుమ్మిన తుమ్ములు తలచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది. పలక మాత్రం మళ్ళీ చేతికి రాలేదు.

రజాకార్లు ఊళ్ళ మీద పడి ఇళ్ళు కాలుస్తున్న ఏడు, బీరన్న గొర్రెల మందను తోలుకుని, పెండ్లాం సత్తమ్మను వెంటబెట్టుకుని, కోదాడ దాటి నిజాం హద్దు దగ్గరికి చేరాడు. అవతల జగ్గయ్యపేట దారి. అవతలి చౌకీలో పోలీసు జవాను కర్ర అడ్డం పెట్టాడు.

"ఎవరి మనుషులయ్యా మీరు? ఇక్కడెవరున్నారు మీకు?"

ఎవరూ లేరు. ఆ మాట చెబితే వెనక్కి తోలుతారు. వెనక ఊరు కాలుతున్నది. బీరన్న చెదురుతున్న గొర్రెలను దగ్గరికి అదిలించాడు. పక్క చేలో గట్టు మీద నడుస్తున్న ఒక నడివయసు ఆవిడ ఆగి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. ఆమె పేరు సుందరమ్మ అని తర్వాత తెలిసింది.

"మావాళ్ళేనండీ," అంది జవానుతో. "మా చేలో మంద కట్టమని నేనే రమ్మన్నాను."

అంతకు ముందు ఆమె బీరన్న మొహం చూసింది లేదు. కర్ర లేచింది.

ఆరు నెలలు బీరన్న ఆమె చేలలో రోజుకో చోట గొర్రెలను రాత్రి పూట నిలిపి ఎరువు వేశాడు. సుందరమ్మ ఊరికే చేను చూపి వదిలిపెట్టలేదు. కంట్రోలు కొట్టు దగ్గర జొన్నలకు నిలబడితే అక్కడా ఆ మాటే అంది. మంచినీళ్ళ బావి దగ్గర ఆడవాళ్ళు సత్తమ్మ బిందెను వెనక్కి నెడితే అక్కడా ఆ మాటే అంది. "ఇదేం మాటమ్మా, గీడ గాడ అంటుందేంటీ మనిషి" అని ఒకామె వెక్కిరిస్తే, "దాహానికి యాస ఏముందే, ముందు చేద ఇవ్వు" అని కసిరింది.

యూనియన్ సైన్యం వచ్చి నవాబు పాలన పోయాక, తిరిగి వచ్చేనాడు బీరన్న అడిగాడు.

"అమ్మా, మేమెవలమో ఎరకలేకనే మావాళ్ళు అని ఎట్లంటివి ఆ దినం?"

"అంటే ఏం పోయిందయ్యా? నోటి మాటేగా."

ఆ మాట బీరన్న గొంగడి కొంగున ముడేసుకుని తెచ్చుకున్నాడు. నోటి మాటకు ఏమీ పోదని నమ్మాడు. రెండేళ్ళ చదువు చదివినవాడు అంతకంటే ఏం నమ్ముతాడు.

మరుసటేడు మృగశిర కార్తె పోయిన వారానికి ఒక మిలిటరీ లారీ వచ్చి, ఊరి బంచరాయి పక్కన పదకొండు లంబాడి కుటుంబాలను దించింది. బంచరాయి అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి బీడు. గుట్టల్లోని వాళ్ళ తండాను సర్కారు ఖాళీ చేయించింది, అడవిలో దాగిన కమ్యూనిస్టు దళాలకు అన్నం పెడుతున్నారని. నాలుగు నెలలు మిర్యాలగూడ క్యాంపులో ముళ్ళకంచె నడుమ ఉంచింది. అక్కడ తండా పెద్ద భద్రు కూతురు, రెండేళ్ళ సాలి, వాంతులు పట్టుకుని పోయింది. భద్రు పెండ్లాం రంగి ఆ బిడ్డ కడియాలను తన కొప్పులో ముడేసుకుని తిరుగుతున్నది. ఇప్పుడు సర్కారు ఇచ్చిన గడువు ఒక్క నెల. ఆ లోపల ఏదో ఒక ఊరు వీళ్ళను తమవాళ్ళుగా రాయించుకుంటే ఉంటారు. లేకుంటే మళ్ళీ అదే లారీ, అదే క్యాంపు.

మందను తోలుకుని పోయిన బీరన్నకు తన మేత బీడులో గుడిసెల గుంజలు కనబడ్డాయి. మంచి మాట రాలేదు నోట్లోంచి.

"గొర్లు మేసే జాగల గుడిసెలేస్తే, నా గొర్లు మీ నెత్తి మీద మేయాల్నా?"

"రాం రాం అన్నా," అన్నాడు భద్రు గుంజ తడుతూనే. "నెత్తి మీద గడ్డి దొరికితే మేపుకో. నూనె లేక నాలుగు నెలలాయె, ఎండుగడ్డి లెక్కనే ఉన్నది."

బీరన్నకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు కోపమొచ్చింది. ఆ సాయంత్రం సత్తమ్మ రెండు కుండల జొన్న గటుక మోసుకుపోతే ఎక్కడికని అడగలేదు.

అక్కడి నుంచి ఒకటి వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. బావి దగ్గర సత్తమ్మ చేద అందించింది. సూర్యాపేట అంగడికి బీరన్న గొంగళ్ళు తీసుకుపోతూ, కట్టెల మోపులెత్తుకున్న రంగిని, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుపోయాడు. గొంగళ్ళ వరుసలో తన పక్కన కూర్చోబెట్టాడు. హోటలువాడు వచ్చి మోపు ఎంత అని అడిగితే రంగి ఒక ధర చెప్పింది. వాడు సగం అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఊరుకుంది. వాడు వెళ్ళిపోయాడు.

"నీ మనసుల ఉన్న ధర ఆఖర్కు రావాలె తల్లీ. ముందలనే చెప్తే ఆడు ఏం కోసుకుంటడు?"

"లేని ధర చెప్పాల్నా అన్నా? అబద్ధం కాదా?"

"అబద్ధం కాదు, అంగడి."

మూడో అంగడికి రంగి అదే హోటలువాణ్ణి నాలుగు మాటలతో వెనక్కి తిప్పి పిలిపించుకుంది. బీరన్న గొంగళ్ళే ఆ పూట అమ్ముడుపోలేదు.

నెల నిండేనాటికి నాయబ్ తహసీల్దారు వచ్చి చావడిలో కూర్చున్నాడు. బయట లారీ నిలబడి ఉంది. భద్రు, అతని వెనక తండా మొత్తం ఎండలో నిలబడి ఉన్నారు. రంగి లారీ వైపు వీపు పెట్టి నిలబడింది. నాయబ్‌కు తెలుగు అంతంత మాత్రం. కాగితం మీదనుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"యే కిస్కే ఆద్మీ?"

ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిషన్‌రావు కళ్ళద్దాలు సర్దుకుని, ఇంతమందిలో బీరన్ననే ఏరి పట్టాడు.

"బీరా, గొర్లెంబడి తిరిగెటోనివి, నీకే ఎరుక ఉండాలె. వీళ్ళు ఎవలోళ్ళని సర్కార్ అడుగుతున్నరు."

గొర్లెంబడి అన్నప్పుడు వాడి ముక్కు కొంచెం ముడుచుకుంది. ముప్పై ఏళ్ళ కింద ముడుచుకున్న ముక్కే అది. బీరన్నకు నెత్తురు తలకెక్కింది. హద్దు దగ్గర కర్ర లేపించిన మాట ఆ వేడిలో నోటికి వచ్చింది.

"మావోళ్ళే."

"ఎట్లెట్లా? గట్టిగ చెప్పు, సర్కార్‌కు ఇనవడాలె."

"మావోళ్ళే అంటున్న గద. తాంబూలం నోట్లె పెట్టుకున్నవా, చెవులల్ల పెట్టుకున్నవా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. విచిత్రం, కిషన్‌రావు కూడా నవ్వాడు. నవ్వుతూనే నాయబ్ వైపు వంగి, "హమారే బోల్రా, హుజూర్" అని, వేలు చాపి బీరన్న రొమ్ము వైపు చూపించాడు. ఉర్దూలో పేజీ నిండా రాశాడు. వేలిముద్ర వెయ్యమని సిరా డబ్బా ముందుకు జరిపాడు.

"వేలుముద్ర ఎందుకు, సంతకం చేస్త," అన్నాడు బీరన్న.

చావడి అంతా చూస్తుండగా కలం అందుకుని, బ మీద గుడి దీర్ఘం నిండుగా తీసి, తన పేరు రాశాడు. పైన ఉన్న ఉర్దూలో ఒక్క ముక్క తెలియదు. అడగడానికి అభిమానం అడ్డమొచ్చింది. లారీ ఖాళీగా తిరిగిపోయింది. ఎనిమిది రోజుల్లో పదకొండు కుటుంబాలకు కంట్రోలు జొన్నల చిట్టీలు వచ్చాయి. ఆ వారమంతా బీరన్న ఊళ్ళో కొంచెం వెడల్పుగా నడిచాడు.

దసరా దాటాక కిషన్‌రావు ఇద్దరు మనుషులతో, కొలిచే గొలుసుతో బీరన్న చెల్క మీదికి వచ్చాడు. ఆ మెట్టచేను నలభై గొర్రెలమ్మి, సత్తమ్మ వెండి కడియాలమ్మి కొన్నది. ఏడేళ్ళు తమ మందనే అందులో నిలిపి, ఎర్రమట్టిని నల్లమట్టి చేసుకున్నది.

"ఏం కొలుస్తున్నవ్ పంతులూ?"

"నీవోళ్ళ భూమి."

"నావోళ్ళెవలు?"

"గదేందిరా, నువ్వే అంటివి గద చావడిల. మావోళ్ళు అని. ఒక్కసారి కాదు, రెండుసార్లంటివి." కిషన్‌రావు తుమ్మ మొద్దు మీద రుమాలు పరిచి కూర్చున్నాడు. "మనోళ్ళు అంటే ఊరోళ్ళు. ఊరోళ్ళయితే ఊరి బంచరాయిల జాగ సూపాలె. మావోళ్ళు అంటివి. అండ్ల మేము రాము. నీవోళ్ళు నీ పట్టాలనే ఉంటరు, నీ చెల్కనే దున్నుకుంటరు. సర్కార్ కాగితంల అదే ఉన్నది. కింద నీ సంతకం. మంచిగ చేసినవ్ సంతకం, గుడి దీర్ఘం గూడ తప్పు పోలె."

బీరన్న ఆ రెండు మాటలను నోట్లో తిప్పి చూసుకున్నాడు. మా, మన. పాలు తాగే పిల్లలకు తెలిసే తేడా. అమ్మ ఒక్కతే మా అమ్మ, ఊరేమో మన ఊరు. అవతలి సీమలో సుందరమ్మ మావాళ్ళు అంటే ఎవడూ దాన్ని పట్టుకుని ఆమె చేను కొలవలేదు. ఉర్దూలోనైతే రెంటికీ హమారే ఒక్కటే, ఎవరివాళ్ళో వేలు పెట్టి చూపాలి. ఆ వేలు తన రొమ్ము మీదికి ఎందుకు వచ్చిందో ఇప్పుడు తెలిసింది. బంచరాయిలో మంచి ముక్క పదెకరాలు కిషన్‌రావు తన బామ్మర్ది పేర ఎక్కించుకోవాలని చూస్తున్నాడన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. అందులో గుడిసెలు లేవడం వాడికి పనికిరాదు.

"వచ్చే నెల సర్కార్ మల్ల వస్తరు," అన్నాడు కిషన్‌రావు లేస్తూ. "వీళ్ళు నాకేం కారు, తప్పయింది అను. భూమి నీది నీకే. లారీ వాళ్ళది వాళ్ళకే."

ఇంటికొచ్చి చెబితే సత్తమ్మ రొట్టె చేస్తున్న చెయ్యి ఆపలేదు.

"రెండు తరగతులు సదివినోనికి సంతకమెందుకు? ఏలుముద్ర ఏస్తే ఏలు నల్లగయ్యేది, కడుక్కుందువు."

"నాకేం ఎరుక, ఆడు గిట్ల..."

"నా కడియాలు ఎరుకేనా? కాళ్ళకు మచ్చలున్నయ్ ఇంక. సూడు."

ఆ తర్వాత పన్నెండు రోజులు ఆమె మాట్లాడలేదు. పెట్టేది పెట్టింది, ముద్ద చల్లారాక.

బీరన్న ఊరి మీద పడ్డాడు. పెద్దమనుషులు నలుగురు నాయబ్ ముందు నిలబడి మనోళ్ళే అని ఒక్క మాట అంటే చాలు, బంచరాయిలో జాగ దొరుకుతుంది, చెల్క తనకు మిగులుతుంది. తన కులంవాడే సోమన్న ముందు తల ఊపాడు. తర్వాత, "నా పహాణీ ఇంక పట్వారీ కాడనే ఉన్నది బావా, కొడుకు పేర మార్వాలె" అని నేల చూశాడు. లింగస్వామి, "అంగడిల కట్టెలమ్మెటోళ్ళ కోసం ఇంత ఎందుకే" అన్నాడు. మట్టయ్య ఇంట్లోనే ఉండి లేడనిపించాడు. లోపల దగ్గు వినబడుతూనే ఉంది.

"మట్టన్న లేడు గని ఆయన దగ్గు ఉన్నది," అని ఆయన పెండ్లాంతో చెప్పి బీరన్న తిరిగొచ్చాడు.

సంగతి తండాకు చేరింది. భద్రు పొద్దున్నే వచ్చి మంద దొడ్డి ముందు కూర్చున్నాడు.

"పోతం అన్నా. లారీ ఎక్కుతం. నీ భూమి తిని మేము బతుకుడు మంచిగుండదు."

"రంగి ఏమన్నది?"

భద్రు తండా దిక్కు చూశాడు. "లారీ పేరు ఎత్తితే ఆమె కొప్పు ముట్టుకుంటది," అన్నాడు.

బీరన్నకు జాలి కలగలేదు. జాలి పడే స్థితిలో లేడు. వీళ్ళు ఆ లారీలోంచి వేరే ఊళ్ళో దిగి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అదే అన్నాడు కూడా.

"మీరు చివ్వెంల కాడ దిగితే నా చెల్క నాకుండు. నా నసీబుకు గీడ దిగిన్రు. ఇగ లేసి పోత అంటవా? పో. పట్వారీ లారీ ఎనక నిలబడి చేతులూపుతడు. ఆ సంబురం ఆనికి చేస్తవా?"

"నువ్వేమంటే అది అన్నా."

"నేను ఏమనను. నాగలి ఉన్నదా లేదా?"

పదమూడో రోజు పట్వారీ మనిషి ఒకడు బావి దగ్గరికి వచ్చి, తండా ఆడవాళ్ళు ఇక్కడ చేద వేయొద్దని పంతులు చెప్పమన్నాడు అన్నాడు. నీళ్ళు తోడుతున్న సత్తమ్మ బిందె దించింది.

"మా చెల్క మింగినోళ్ళు మా బాయి నీళ్ళు తాగితే నీ పంతులు గొంతెందుకు ఎండుతది? తోడు రంగీ."

ఇంటికొచ్చి ఆ రోజు ముద్ద వేడిగా పెట్టింది. పెడుతూ, "నేనేం మర్సిపోలే" అంది.

నాయబ్ వచ్చిన రోజు చావడి నిండింది. లారీ కూడా వచ్చింది, ఇంజను ఆపకుండానే నిలబెట్టారు. కిషన్‌రావు కొత్త కాగితం ఒకటి ముందే రాసి పెట్టుకున్నాడు.

"బీరా, సర్కార్‌కు పనులున్నయ్. వీళ్ళు నీకేం కారని ఒక్క మాట అను, సంతకం పెట్టు, పో. నీ చెల్కల వాళ్ళ పేర్లు ఇప్పుడే కొట్టేస్త దస్త్రంలకెల్లి."

"ముందుగాల ఆ మొదటి కాగితం తెలుగుల సదువు," అన్నాడు బీరన్న. "నేను సంతకం పెట్టింది ఏందో నా చెవులు ఇనాలె."

కిషన్‌రావు నాయబ్ వైపు చూశాడు. నాయబ్ చదవమన్నట్టు చెయ్యి ఊపాడు. పట్వారీ గొంతు సవరించుకుని చదివాడు. ఎర్రబోడు కురుమ బీరన్న తన స్వంత మనుషులైన పదకొండు లంబాడి కుటుంబాలకు తన పట్టా చెల్కలో నివాసం, సాగు ఇచ్చుకున్నాడని. ఎంత భూమి అన్నది కూడా చదివాడు. చావడిలో సోమన్న, లింగస్వామి, దగ్గు తగ్గిన మట్టయ్య అందరూ విన్నారు. ఒక్కడూ మనోళ్ళు అనలేదు.

"ఇగ చెప్పు," అన్నాడు కిషన్‌రావు. ఇంత మంది ముందర తానూ ఒక మెట్టు దిగినట్టు కనబడాలనుకున్నాడేమో, గొంతు మెత్తగా చేశాడు. "నాకేమైన పగనా బీరా నీ మీద? నోరు జారినవ్. మావోళ్ళు కారు అని అనరాదూ? పోనీ, ఊరంతా ఒప్పుకుంటే మనోళ్ళు అందువు. ఊరు ఒప్పుకోకపాయె."

బీరన్న గొంగడి భుజం మార్చుకున్నాడు. బయట రంగి చెయ్యి కొప్పు మీద ఉంది. సత్తమ్మ ఆమె పక్కన నిలబడి ఉంది, చేతులు కట్టుకుని, తన వైపు కాక లారీ వైపు చూస్తూ.

"ఊరు ఒప్పుకున్నా నేను ఆ మాట అనను పంతులూ," అన్నాడు. "మనోళ్ళు అంటే అండ్ల నువ్వు గూడ వస్తవ్. నువ్వు నాకొద్దు. రాసుకో. వీళ్ళు మావోళ్ళే."

నాయబ్‌కు తెలుగు అర్థం కాకపోయినా చావడి ఎందుకు చప్పుడు చేయడం మానేసిందో అర్థమైనట్టుంది. ఏమన్నాడని అడిగాడు. కిషన్‌రావు రాసి పెట్టుకున్న కొత్త కాగితాన్ని మడిచాడు. "హమారే బోల్రా, హుజూర్," అన్నాడు. ఈసారి వేలు చూపించలేదు. అవసరం లేకపోయింది. బీరన్న తనే తన రొమ్ము మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు.

సంతకం మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాడు. ఈసారి గుడి దీర్ఘం దగ్గర సిరా కొంచెం ఒలికింది. లారీ ఖాళీగా సూర్యాపేట దారి పట్టింది.

ఆ చలికాలం యాసంగికి భద్రు చెల్కలో నాగలి కట్టాడు. పంటలో పాలు ఇస్తానన్నాడు. వద్దన్నాడు బీరన్న. ఇస్తే తినేవాణ్ణేనని, అడిగించుకుని ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. చెల్క గట్టు పక్క నుంచి మందను తోలుకుపోయేటప్పుడు లోపలికి చూడడు. గొర్రెలకు ఆ సంగతి తెలియదు, ఏడేళ్ళు నిలిచిన జాగ గదా, అటే మళ్ళుతాయి. కొట్టి తోలాలి.

పోయింది ఎంతని ఎవరైనా అడిగితే, రూపాయల్లో చెప్పడు. దస్త్రంలో ఉన్నట్టే చెబుతాడు. ఎర్రబోడు, సర్వే నంబరు నూట పద్దెనిమిది, మూడెకరాల పదహారు గుంటలు.